శనివారం బ్రిడ్జి: బీబీవోలోనే ఉందామా, రియల్‌బ్రిడ్జ్‌కి మారదామా?

ఇస్పేటు_రాజు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మన శనివారం బ్రిడ్జి పేకాట టీమ్ మ్యాచ్ పంచాయితీని ఇక్కడికి తెస్తున్నాను. వాట్సాప్‌లో ఎవరేమన్నారో వెనక్కి వెళ్లి వెతకడం నా వల్ల కావడం లేదు.

సంగతి తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. మేం ఎనిమిది మందిమి, రెండు టేబుళ్లు. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి మొదలుపెట్టి 16 బోర్డులు (అంటే 16 పంపకాలు) ఆడతాం. కోవిడ్‌లో క్లబ్బు మూతపడినప్పుడు బీబీవో (బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్) అనే సైటులో మొదలైన ఆట ఇది. క్లబ్బు మళ్లీ తెరిచాక కూడా ఆగలేదు, అప్పటికే సగం మంది వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో స్థిరపడ్డారు. ఇప్పుడు విశాఖ నుంచి రాణి గారు రియల్‌బ్రిడ్జ్ అనే వీడియో సైటుకి మారదామంటున్నారు. డల్లాస్ తమ్ముడు ససేమిరా అంటున్నాడు. నేను రెండిట్లోనూ ఆడాను, నా ఓటు చివర్లో చెబుతాను. ఒక్కటే షరతు. "నాకిదే అలవాటు" అన్నది వాదన కింద లెక్కలోకి రాదు.

డమ్మీ_చెయ్యి (డల్లాస్)

రాజన్నా, నా మొదటి వాదనని ముందే కొట్టేశారు. పర్లేదు, ఇంకా ఉన్నాయి.

బీబీవో 2001 నుంచి ఉంది. ఫ్రెడ్ గిటెల్‌మన్ అనే కెనడా ఆటగాడు మొదలుపెట్టాడు. బ్రిడ్జి ఆడేవాడు ప్రపంచంలో ఎక్కడున్నా అతనికి ఒక బీబీవో ఐడీ ఉంటుందని ధైర్యంగా చెప్పొచ్చు. మామూలు టేబుల్‌కి పైసా ఖర్చు లేదు. మన టీమ్ మ్యాచ్ కూడా ఎవరైనా రెండు నిమిషాల్లో పెట్టేయొచ్చు. ఎనిమిది పేర్లు కొడితే రెండు టేబుళ్లకీ అవే ముక్కలు పంచి, ఐఎంపీలు (రెండు టేబుళ్ల స్కోర్ల తేడాకి వచ్చే పాయింట్లు) అదే లెక్క కడుతుంది. ఫోన్‌లో ఆడొచ్చు. ఆడిన ప్రతి బోర్డూ రికార్డులో ఉంటుంది. సోమవారం ఆఫీసులో లంచ్ టైంలో "ఆ 3 నోట్రంప్ (తురుపు లేని ఆట) ఎందుకు పోయింది" అని తీసి చూసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరికైనా కరెంటు పోతే ఆ సీట్లో రోబోని కూర్చోబెట్టి ఆట కానిచ్చేయొచ్చు. ఇవన్నీ వదులుకుని ఒకరి ముఖాలు ఒకరు చూసుకోవడానికి మారాలా? ముఖాలు చూసుకోవడానికి వీడియో కాల్ ఉందిగా.

కళావర్_రాణి (విశాఖపట్నం)

ముఖాలు చూసుకోవడానికే తమ్ముడూ. దాంట్లో తప్పేముంది?

నేను రిటైరై ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. బీబీవోలో ఆడుతున్నంతసేపూ నా పార్ట్‌నర్ ఉన్నాడో, కాఫీకి వెళ్లాడో, వాళ్లింటి నెట్ పోయిందో, నా బిడ్ (ఎన్ని పట్లు గెలుస్తామో చెప్పే పాట) చూసి తల పట్టుకున్నాడో ఏదీ తెలియదు. ఆకుపచ్చ తెర, నాలుగు పేర్లు, అంతే. ఆట అవ్వగానే అందరూ "థాంక్యూ, గుడ్ గేమ్" అని రెండక్షరాలు కొట్టి మాయమైపోతారు. క్లబ్బులో మనం అలా ఎప్పుడైనా లేచి వెళ్లామా? చివరి బోర్డు అయ్యాక అరగంట నిలబడి తిట్టుకుంటేగానీ ఇంటికెళ్లేవాళ్లం కాదు.

రియల్‌బ్రిడ్జ్ 2020లో ఇంగ్లండ్‌లో పుట్టింది, సరిగ్గా ఈ లోటు తీర్చడానికే. నలుగురి ముఖాలూ నాలుగు దిక్కుల్లో కనిపిస్తాయి, మాట వినిపిస్తుంది, మధ్యలో ముక్కలు ఉంటాయి. యాప్ దించుకోనక్కర్లేదు, పంపిన లింకు నొక్కితే బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. సెషన్ అయ్యాక బోర్డులన్నీ మళ్లీ తిరగేసి చూసుకోవచ్చు కూడా. కాబట్టి నీ లంచ్ టైం పోస్ట్‌మార్టమ్‌కి వచ్చిన ఇబ్బందేమీ లేదు.

మొన్న పాత సహోద్యోగులతో అందులోనే ఆడాను. 6 హార్ట్స్ కాంట్రాక్ట్, అంటే హార్ట్స్ తురుపుగా పదమూడు పట్లలో పన్నెండు గెలవాల్సిన స్లామ్. ఆడాల్సిన డిక్లేరర్‌ని నేనే. చివరికి కథంతా డైమండ్ రాణి ఎటువైపు ఉందన్న దాని మీదకి వచ్చింది. నా చేతిలో ఆసు, జాకీ, తొమ్మిది. డమ్మీలో (బల్ల మీద పరిచిన నా పార్ట్‌నర్ చేతిలో) రాజు, పది, ఎనిమిది, ఇంకో చిన్నది. ఎటు నుంచైనా ఫినెస్ చేయొచ్చు (రాణి ఎవరి దగ్గరుందో ఊహించి దాన్ని చిక్కించుకోవచ్చు), ఎటు చేసినా సగం సగమే. జాకీ వేశాను. ఎడమవైపు ఆయన కాఫీ కప్పు పెదాల దాకా తెచ్చి ఆపేశారు. ఒక్క క్షణమే, తర్వాత చిన్న ముక్క వేశారు. నేను డమ్మీ నుంచి చిన్నదే వేశాను. జాకీ నిలబడింది. స్లామ్ అయిపోయింది. బీబీవోలో ఆ కప్పు నాకెక్కడ కనిపిస్తుంది?

డమ్మీ_చెయ్యి (డల్లాస్)

రాణి గారూ, నా వాదనకి ఇంతకంటే మంచి సాక్ష్యం నేనే తేలేను. మీరు ఆడింది బ్రిడ్జా, ముఖాలు చదివే పోకరా? ముక్కలు లెక్కపెట్టి, బిడ్డింగ్ గుర్తుపెట్టుకుని రాణిని పట్టుకుంటే అది ఆట. కాఫీ కప్పుని చూసి పట్టుకుంటే ఇక మనం నేర్చుకునేదేముంది?

సెకండ్_హ్యాండ్_లో (బెంగళూరు)

ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. కొన్నేళ్లు టోర్నమెంట్లలో డైరెక్టర్‌గా (తగువు వస్తే తీర్పు చెప్పేవాడిగా) చేసినవాణ్ని, రూల్ ఏమంటుందో చెబుతాను.

డూప్లికేట్ బ్రిడ్జి (అన్ని టేబుళ్లకీ అవే ముక్కలు పంచే పోటీ ఆట) నిబంధనావళిలో 73వ నిబంధన ప్రకారం ప్రత్యర్థి తడబాటు నుంచి, అతని తీరు నుంచి మీరేదైనా ఊహించుకోవచ్చు. అయితే ఆ రిస్కు మీదే. ఊహ తప్పి కాంట్రాక్ట్ పోతే డైరెక్టర్ని పిలిచి ఏడ్చినా లాభం లేదు. ప్రత్యర్థి మాత్రం కావాలని అలా నటించకూడదు. కాబట్టి రాణి గారి స్లామ్ నూటికి నూరు పాళ్లు న్యాయమైనదే.

తంటా అంతా పార్ట్‌నర్ దగ్గర వస్తుంది. అదే కాఫీ కప్పు పార్ట్‌నర్ చేతిలో ఆగి ఉంటే? పార్ట్‌నర్ ఆలోచించి ఆలోచించి నీరసంగా పాస్ అన్నాడనుకోండి, ఆ నీరసాన్ని మీరు వాడుకోకూడదు. 16వ నిబంధన అదే. బ్రిడ్జిలో పార్ట్‌నర్లు మాట్లాడుకోవడానికి ఉన్నవి రెండే దార్లు, బిడ్లూ ముక్కలూ. కెమెరా, మైకు పెట్టిన క్షణం నుంచి నిట్టూర్పులు, కనుబొమ్మలు, "ఊఁ" అనడాలు అన్నీ బల్ల మీదకి వస్తాయి. పెద్ద పోటీల్లో బల్ల మధ్య అడ్డంగా తెర కట్టేది అందుకే కదా, పార్ట్‌నర్ ముఖం కనపడకూడదని.

అలాగని బీబీవోలో ఈ బాధ లేదనుకోకండి. అక్కడా అరనిమిషం ఆగి పాస్ చేస్తే ఆ ఆగడం అందరికీ కనిపిస్తుంది. తేడా ఏమిటంటే అది ఆలోచనో, నెట్ నెమ్మదించడమో ఎవరూ చెప్పలేరు. ఒకరకంగా ఆ అయోమయమే మంచిది, పార్ట్‌నర్ దాన్ని వాడుకోలేడు. ఇంకో మంచి సంగతి, బీబీవోలో ఎవరి బిడ్‌ని వాళ్లే అలర్ట్ చేసి (దానికి ప్రత్యేక అర్థం ఉందని గుర్తు పెట్టి) అర్థం రాస్తారు, అది ప్రత్యర్థులకే కనిపిస్తుంది. "నా బిడ్ పార్ట్‌నర్‌కి అర్థమైందా లేదా" అన్నది అతను నోరు విప్పి వివరిస్తుంటే తెలిసిపోయే తంతు తప్పింది. క్లబ్బులో సగం గొడవలు అక్కడే పుట్టేవి.

తూర్పు_సీటు (మెల్‌బోర్న్)

నిబంధనలు సరే, నా గోడు కూడా కాస్త వినండి. మీకు శనివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే మా చలికాలంలో ఇక్కడ ఆదివారం తెల్లవారుజాము ఒంటిగంట. ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు. హాల్లో లైటు కూడా వేయను. బీబీవో అయితే దుప్పట్లో పడుకుని ఫోన్‌లో చప్పుడు చేయకుండా ఆడేస్తాను. రియల్‌బ్రిడ్జ్‌లో నేను "డబుల్" (ప్రత్యర్థి కాంట్రాక్ట్ పోతుందని పందెం పెంచే బిడ్) అని గట్టిగా అన్నానంటే పాప లేస్తుంది. ఆ తర్వాత నన్ను డబుల్ చేసేది మా ఆవిడ.

కెమెరా, మైకు ఆపేసుకోవచ్చుగా అంటారు. ఆపేసుకునే పనైతే అక్కడిదాకా వెళ్లడమెందుకు అక్కా?

కొత్త_బిడ్డరు (వరంగల్)

మధ్యలో దూరుతున్నందుకు సారీ అండీ. నేను నేర్చుకుంటున్నాను. బిడ్డింగ్ పద్ధతుల్లో స్టేమన్ దాకా వచ్చి ట్రాన్స్‌ఫర్ల దగ్గర ఆగిపోయాను. పెద్దవాళ్ల టేబుల్‌లో కూర్చోవాలంటే టెన్షన్. నాలాంటివాళ్లకి ఏది మంచిది? ఫన్‌బ్రిడ్జ్ అని ఇంకోటి కూడా ఉందట.

డమ్మీ_చెయ్యి (డల్లాస్)

తమ్ముడూ, నీకు ఈ గొడవతో పనిలేదు. బీబీవోలో రోబోలతో కూర్చో. అక్కడి రోబో పేరు జిబ్, రాసింది మాథ్యూ గిన్స్‌బర్గ్ అనే శాస్త్రవేత్త. నువ్వు ఏ బిడ్ వేయబోతున్నా ముందే దాని మీద ఉంచి చూస్తే "ఐదు స్పేడ్స్, ఇన్ని పాయింట్లు (ఆసు, రాజు లాంటి పెద్ద ముక్కల లెక్క)" అని దాని అర్థం చూపిస్తుంది. ట్రాన్స్‌ఫర్లు నాలుగు రోజుల్లో వచ్చేస్తాయి. తప్పు బిడ్ వేసినా తిట్టదు.

ఫన్‌బ్రిడ్జ్ ఫ్రాన్స్‌ది. అందులో టేబుల్ దగ్గర మిగతా ముగ్గురూ రోబోలే, నువ్వు ఆడిన ముక్కల్నే మిగతా ఆటగాళ్లు ఎలా ఆడారో పోల్చి చూపిస్తుంది. ఎప్పుడు ఖాళీ దొరికితే అప్పుడు ఒక బోర్డు ఆడి మూసేయొచ్చు. విశేషమేమిటంటే 2018 నుంచి బీబీవో, ఫన్‌బ్రిడ్జ్ రెండూ ఒకే ఫ్రెంచి కంపెనీ గొడుగు కిందే ఉన్నాయి.

సెకండ్_హ్యాండ్_లో (బెంగళూరు)

రోబోతో నేర్చుకో బాబూ, కానీ దానితోనే ఉండిపోకు. బిడ్డింగ్ వరకు బాగానే వస్తుంది. డిఫెన్స్‌లో (ప్రత్యర్థి కాంట్రాక్ట్‌ని ఓడించడానికి ఆడేటప్పుడు) మనం వేసే ముక్కతో పార్ట్‌నర్‌కి ఇచ్చే సిగ్నళ్లని అది పెద్దగా పట్టించుకోదు, తనూ పెద్దగా ఇవ్వదు. ఏడాదిపాటు దానితోనే ఆడి వచ్చిన కుర్రాళ్లు బల్ల దగ్గర పార్ట్‌నర్ వేసిన ఎనిమిదిని, రెండుని ఒకేలా చూస్తారు. డిఫెన్స్ అనేది మనిషి ఎదురుగా ఉంటేనే వంటబడుతుంది.

ఇంకో సంగతి. కొన్ని రోబో టోర్నమెంట్లలో బల్ల మీద అందరికంటే మంచి ముక్కలు మనిషికే వచ్చేలా పంచుతారు. అది అలవాటైతే నాలుగు పాయింట్ల చెయ్యితో ఓపికగా పాస్, పాస్ అంటూ కూర్చునే విద్య రాదు. బ్రిడ్జిలో సగం జీవితం ఆ విద్యే.

పదమూడు_ముక్కలు (గుంటూరు)

ఇందాకట్నుంచి చదువుతున్నా. ఎంట్రీ ఎంతో, గెలిస్తే ఎంత వస్తుందో ఒక్కరూ చెప్పరేంటి సామీ? మా రమ్మీ యాప్‌లు మూసేశాక ఏదైనా దొరుకుతుందేమోనని ఇటు వచ్చా.

నిర్వాహకుడు

ఇక్కడ గెలిస్తే వచ్చేది ఐఎంపీలు, ఓడితే వచ్చేది తిట్లు. డబ్బు లేదు.

మీరు అడిగారు కాబట్టి క్లుప్తంగా. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది, 22న రాష్ట్రపతి సంతకం అయింది. నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా ఆ చట్టం చూడదు. డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా నడపకూడదు. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాళ్లకి శిక్ష పెట్టలేదు. పెద్ద రమ్మీ కంపెనీలు డబ్బు ఆటలు ఆపింది అందుకే.

తమాషా ఏమిటంటే మన బ్రిడ్జికీ మీ రమ్మీకీ చుట్టరికం కలిపింది సుప్రీంకోర్టే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ మీద పోలీసులు పెట్టిన కేసులో 1967లో తీర్పు వచ్చింది. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, అందులో ఉన్న అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచినప్పుడు ఉండేలాంటిదే అని ఆ తీర్పు సారాంశం. ఇన్నేళ్లూ రమ్మీ వాదనలన్నీ ఆ తీర్పు పట్టుకునే నడిచాయి.

రమ్మీ చర్చకి వేరే విభాగం ఉంది. ఇక్కడ బ్రిడ్జి కానివ్వండి.

పదమూడు_ముక్కలు (గుంటూరు)

డబ్బు లేకుండా శనివారం రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటున్నారా! మీకు దండం.

ఇస్పేటు_రాజు (హైదరాబాద్)

ఆ దండం మెల్‌బోర్న్ వాడికి చెందుతుంది, మేం పదకొండుకే పడుకుంటాం.

అసలు విషయానికి వద్దాం. మోసం సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2020లో ప్రపంచస్థాయి ఆటగాళ్లే దొరికారు కదా. రెండో ఐడీతో ప్రేక్షకుడిలా వచ్చి తన టేబుల్‌లోనే నాలుగు చేతులూ చూస్తూ ఆడానని ఒకాయన స్వయంగా ఒప్పుకున్నాడు. కెమెరా ఉంటే అది కాస్త కష్టమవుతుందని కొందరి వాదన.

సెకండ్_హ్యాండ్_లో (బెంగళూరు)

కాస్తే. చేయదలచుకున్నవాడికి కెమెరా బయట ఫోన్ పెట్టుకోవడం ఎంతసేపు? మీ టేబుల్‌కి ప్రేక్షకుల్ని బీబీవోలోనూ ఆపేయొచ్చు. జాతీయ జట్టు ఎంపిక లాంటి వాటికి వీడియో కావాలంటే నేను ఒప్పుకుంటాను, అక్కడ పతకాలు, పేర్లు ముడిపడి ఉంటాయి. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మనవాళ్లు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ జంటగా బంగారు పతకం తెచ్చారు. ఆ స్థాయిలో అనుమానానికి చోటు ఉండకూడదు. మీ ఎనిమిది మందిలో ఒకడు మోసం చేసి గెలిచేది ఏమిటి? 12 ఐఎంపీలు. వాటితో టీ కూడా రాదు.

కళావర్_రాణి (విశాఖపట్నం)

అదీ మాట. మనకి మోసం భయం లేదు, పతకం ఆశ లేదు. మరి ఒకరి నిట్టూర్పు ఒకరికి వినిపిస్తే వచ్చే నష్టమేమిటి? నిబంధన ప్రకారం పార్ట్‌నర్ నిట్టూర్పుని వాడుకోకూడదు, ఒప్పుకుంటాను. వాడుకోం. ఇన్నేళ్లు క్లబ్బులో పక్కపక్కన కూర్చుని వాడుకోకుండానే ఆడలేదా?

డమ్మీ_చెయ్యి (డల్లాస్)

క్లబ్బులో మీరు "రెండు హార్ట్స్" అనే పద్ధతిని బట్టి మీ చేతిలో ఎన్ని పాయింట్లో చెప్పేవాళ్లు ఉండేవారని రాజన్న చాలాసార్లు అన్నారు. ఈ సాక్ష్యం కూడా రికార్డు చేసుకోండి.

మధ్యేమార్గం చెప్పనా? ఆట బీబీవోలో నిశ్శబ్దంగా ఆడదాం. చివరి బోర్డు అవ్వగానే అందరం వీడియో కాల్‌లోకి వచ్చి కావలసినంత తిట్టుకుందాం. రాణి గారికి ముఖాలు దొరుకుతాయి, మెల్‌బోర్న్ బావ పడుకుంటాడు, ఎవరికీ పైసా ఖర్చు ఉండదు.

కళావర్_రాణి (విశాఖపట్నం)

ఆ కాల్ మొదటి వారం ఎనిమిది మందీ ఎత్తుతారు. రెండో వారం ఐదుగురు. ఆ తర్వాత నేనూ రాజు గారూ మిగులుతాం. తిట్టుకోవడం వేడి మీద జరగాలి తమ్ముడూ. నాలుగో బోర్డులో నువ్వు నా డబుల్‌ని తీసేసిన సంగతి 16వ బోర్డు దాకా కడుపులో దాచుకుని, అప్పుడు లింకు నొక్కి రమ్మంటావా?

ఖర్చు సంగతి కూడా చెప్పేస్తాను. రియల్‌బ్రిడ్జ్ వాళ్లు మనిషికి, సెషన్‌కి ఇంతని ఆట ఏర్పాటు చేసేవాళ్ల దగ్గర తీసుకుంటారు. పెద్ద మొత్తం కాదు. అందరిదీ నేనే కడతాను.

ఇస్పేటు_రాజు (హైదరాబాద్)

అది మాత్రం కుదరదండీ. ఒకరు కడితే రేపు మీ మీద స్లామ్ గెలిచినా మొహమాటమే. కట్టాల్సి వస్తే ఎవరిది వాళ్లు కడతారు.

నా ఓటు చెబుతున్నాను. పట్టుబట్టి ఆట మెరుగుపరుచుకోవాలంటే బీబీవోకి సాటి లేదు. డమ్మీ_చెయ్యి చెప్పినవన్నీ నిజమే, పైగా నాకు అక్కడ పెద్ద మ్యాచ్‌ల ప్రసారం చూస్తూ కూర్చోవడం వ్యసనం. కానీ మన శనివారం ఆట మెరుగుపడడానికి కాదు. మెరుగుపడేవాళ్లమైతే ఈపాటికి మెరుగుపడేవాళ్లం. ఒకప్పుడు బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లం, ఇప్పుడు ఎవరి గొంతు ఎలా ఉందో కూడా మర్చిపోతున్నాం. బీబీవోలో బోర్డు పోతే చాట్‌లో "సారీ పి" (పి అంటే పార్ట్‌నర్) అని కొడతాం, ఎదుటివాడు "ఎన్‌పి" అంటాడు. నో ప్రాబ్లం అట! తురుపు లెక్క తప్పి, రావలసిన 600 పోగా ఎదురు 100 ఇచ్చుకున్నా నో ప్రాబ్లమే! క్లబ్బులో అలా అన్నవాణ్ని నేనెప్పుడూ చూడలేదు. నేను రాణి గారి వైపు.

అయితే సెకండ్_హ్యాండ్_లో గారు చెప్పింది కూడా పాటిద్దాం. బిడ్డింగ్ జరుగుతున్నంతసేపు అందరూ మైకు ఆపాలి. ముక్కలు వేసేటప్పుడు, బోర్డు అయ్యాక మీ ఇష్టం.

తూర్పు_సీటు (మెల్‌బోర్న్)

మరి నా పాప?

ఇస్పేటు_రాజు (హైదరాబాద్)

అక్కడికే వస్తున్నా. ప్రయోగంగా ఈ శనివారం సాయంత్రం నాలుగున్నరకి పెడదాం. నీకు రాత్రి తొమ్మిది, పాప పడుకోకముందే మొదలుపెట్టొచ్చు, కాసేపు మాకు చూపించొచ్చు కూడా. విశాఖకి, హైదరాబాద్‌కి, బెంగళూరుకి సాయంత్రం టీ టైం. డల్లాస్‌లో ఉదయం ఆరు.

డమ్మీ_చెయ్యి (డల్లాస్)

ఆరా! శనివారం ఉదయం ఆరా! బీబీవో అయితే పళ్లు తోముకోకుండా ఆడేవాణ్ని. ఇప్పుడు తల దువ్వుకుని, లైటేసుకుని, కెమెరా ముందు కూర్చుని రాణి గారికి నా కాఫీ కప్పు చూపించాలా?

కళావర్_రాణి (విశాఖపట్నం)

కప్పు ఎత్తితే చాలు నాయనా, దువ్వుకోకపోయినా పర్లేదు.

డమ్మీ_చెయ్యి (డల్లాస్)

లింకు పంపండి. ఆ రోజు టీ తాగుతాను, అది కూడా స్టీలు గ్లాసులో, రెండు చేతుల్తో పట్టుకుని, ప్రతి ముక్కకీ ఆగి ఆగి.

సెకండ్_హ్యాండ్_లో (బెంగళూరు)

కావాలని ఆగితే 73వ నిబంధన, రెండో భాగం. ముందే చెప్పాను.